61,022 రప్పించే విద్య

జులై నెలాఖరులో కడప, అనంతపురం, కర్నూలు బస్సులు తెల్లవారకముందే బెంగళూరు మడివాళలో ఆగుతాయి. మన పిల్లలు దిగుతారు. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో అమ్మ గుడ్డ చుట్టి ఇచ్చిన ఆవకాయ సీసా. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో సీటొచ్చిందన్న వెలుగు మొహంలో ఉంటుంది. రెండు నెలలు తిరిగేసరికి ఆ వెలుగు పోతుంది. ఎందుకు పోతుందో నాకు తెలుసు. ల్యాబులో ఒక మూల టేబుల్ మీద ఒక ప్రయోగం కాచుకుని ఉంటుంది: విలీన ప్రోటీన్ ద్రావణానికి కణాధార ధర్మాలు లెక్కగట్టి, దాన్నుంచి ప్రోటీన్ అణుభారం చెప్పడం.

ఆ టేబుల్ దగ్గర నేనూ నిలబడ్డాను. కాలేజీ పేరు వద్దు. మొదటిసారి గుడ్డు అల్బుమిన్‌తో నాలుగు రోజులు నిజంగానే చేశాను. 43,000 వచ్చింది. రికార్డు మీద ఎర్ర సిరాతో పెద్ద ఇంటూ పడింది. పక్క టేబుల్ వాడు ఏమీ చెయ్యకుండా 61,022 అని రాసి 'గుడ్' వేయించుకున్నాడు. ఆ రోజు నుంచి నేను నేర్చుకున్నదంతా ఇక్కడ దాచకుండా పెడుతున్నాను. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక్కటీ వదలకుండా పాటించండి.

1. జవాబు ముందు, ప్రయోగం తరవాత.

పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ కెమిస్ట్రీలో ద్రావణాల పాఠం తియ్యండి. 200 ఘన సెంటీమీటర్ల ద్రావణంలో 1.26 గ్రాముల ప్రోటీన్. ఉష్ణోగ్రత 300 కెల్విన్. ద్రవాభిసరణ పీడనం 0.00257 బార్. మోలార్ మాస్ 61,022. ఈ ఐదు అంకెలూ ఇంటి ఫోన్ నంబరులా నోటికి రావాలి.

క్యాలిక్యులేటర్ మాత్రం ముట్టుకోవద్దు. ద్రవాభిసరణ పీడనం ఫార్ములా, పై ఈక్వల్స్ సీఆర్‌టీలో ఆర్ విలువ 0.083 వేసి నొక్కితే 61,039 వస్తుంది. 0.08314 వేస్తే 61,142 వస్తుంది. రెండూ పుస్తకంలో లేవు. పుస్తకంలో లేని అంకె రికార్డులో కనబడితే మీరు సొంతంగా లెక్క చేశారని పట్టుబడిపోతారు. 61,022 అనే రాయండి.

ఏ ప్రోటీన్ ఇచ్చినా అదే. లైసోజైమ్‌ది 14,300, గుడ్డు అల్బుమిన్‌ది సుమారు 45,000, హిమోగ్లోబిన్‌ది 64,500, ఆవు సీరమ్ అల్బుమిన్‌ది 66,500. ఇన్ని అంకెలు మోసుకు తిరగడం దండగ. సీసా మీద ఏ పేరున్నా 61,022.

2. నాలుగు ధర్మాల్లో కంటికి కనిపించనిదాన్ని ఎంచుకోండి.

కణాధార ధర్మాలు నాలుగు. ఆవిరి పీడనం తగ్గడం, మరిగే స్థానం పెరగడం, గడ్డకట్టే స్థానం తగ్గడం, ద్రవాభిసరణ పీడనం. నాలుగూ కణాల లెక్క మీద నడుస్తాయి, బరువు మీద కాదు. ప్రోటీన్ అణువు ఒక్కోటి కొండంత. కాబట్టి 1.26 గ్రాములు తూచినా అందులో తలకాయలు తక్కువ. అంతే బరువు చక్కెర తీసుకుంటే అణువులు 178 రెట్లు ఎక్కువుంటాయి.

తెలివి తక్కువవాళ్లు ద్రవాభిసరణ పీడనం పట్టుకుంటారు. 0.00257 బార్ అంటే పాదరసం కొలతలో రెండు మిల్లీమీటర్లు కూడా లేదు గానీ, నీళ్ల కొలతలో 2.6 సెంటీమీటర్లు. ట్యూబులో చిటికెన వేలి మొదటి కణుపంత ఎత్తు. కళ్లున్న ప్రతివాడూ చూడగలడు. చూడగలిగితే తప్పు పట్టగలడు. మనకది వద్దు.

మీరు గడ్డకట్టే స్థానం తీసుకోండి. ఈ ద్రావణం మామూలు నీళ్ల కంటే 0.00019 డిగ్రీలు కింద గడ్డకడుతుంది. మీ చేతిలో థర్మామీటరుకు ఒక్కో గీత 0.1 డిగ్రీ. గాజుపెట్టెలో తాళం వేసి దాచే బెక్‌మన్ థర్మామీటరుకైనా ఒక్కో గీత 0.01. రెండింటిలోనూ ఏమీ కనిపించదు. ఇక్కడే మీకు స్వేచ్ఛ.

ఎలా చెయ్యాలో చెబుతాను. స్టీలు గ్లాసులో ఐసు నలగ్గొట్టి గుప్పెడు రాళ్లుప్పు కలపండి. మధ్యలో టెస్ట్‌ట్యూబు, దాంట్లో ద్రావణం, ద్రావణంలో థర్మామీటరు. గాజు చుట్టూ తెల్లటి పొగమంచు పడుతుంది. బొటనవేలితో ఒక కిటికీలా తుడిచి చూస్తే పాదరసం సున్నా గీత మీద కూర్చుని ఉంటుంది. నీళ్లకూ అక్కడే కూర్చుంది, ప్రోటీన్‌కూ అక్కడే కూర్చుంటుంది. తేడా సున్నా. దాన్ని ఫార్ములాలో వేస్తే భాగహారం కింద సున్నా వచ్చి క్యాలిక్యులేటరు ఎర్రర్ అంటుంది. కంగారు పడొద్దు. కాగితం తీసి వెనక నుంచి లెక్క కట్టండి. లీటరుకు పడే 6.3 గ్రాములను నీళ్ల స్థిరాంకం 1.86తో గుణించి 61,022తో భాగిస్తే 0.00019203. రీడింగు కింద అదే రాయండి. గుండ్రంగా 0.0002 అని రాశారా, అణుభారం 58,590కి పడిపోతుంది, గొంతు మీదికి వస్తుంది. పదో వంతు డిగ్రీ చూపించే థర్మామీటరుతో ఎనిమిది దశాంశాలు రాయడం మన ఓపికకు గుర్తు.

మరిగే స్థానం కూడా మంచిదే. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. నీళ్లు ఇక్కడ సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. ప్రోటీన్ వల్ల పెరిగేది 0.00005 డిగ్రీ. మూడు డిగ్రీల తేడా పక్కన దీన్ని వెతకమని ఎవరూ అడగలేరు. పైగా తెల్లసొన అంతకు చాలా ముందే తెల్లగా గడ్డలు కడుతుంది. అడుగుకు అంటుకుంటుంది, వాసన వేస్తుంది, ట్యూబుతో సహా పారెయ్యాలి. శాంపిలే లేకపోయాక రీడింగు ఎవడు సరిచూస్తాడు?

3. డయాలిసిస్ మానెయ్యండి.

ప్రోటీన్‌లో కలిసిన ఉప్పును పోగొట్టడానికి సెలోఫేన్ గొట్టంలో పోసి, రెండు కొసలూ ముడేసి, నీళ్లలో రాత్రంతా వేలాడదీయాలి. మూడు నాలుగుసార్లు నీళ్లు మార్చాలి. రాత్రి పదకొండింటికి ఒకసారి, తెల్లారి అయిదింటికి ఒకసారి. ఎందుకీ జాగారం? శివరాత్రికి చేస్తే పుణ్యమన్నా వస్తుంది.

ఉప్పు ఉండనివ్వండి. 0.15 మోలార్ ఉప్పున్న బఫరు గడ్డకట్టే స్థానాన్ని 0.56 డిగ్రీ దించుతుంది. అంటే మీ మామూలు థర్మామీటరులో అయిదారు గీతలు. చూడండి, ఎంత హాయి! ఇందాక అసలు కదలని పాదరసం ఇప్పుడు చకచకా దిగింది. అదంతా ప్రోటీన్ పనే అనుకుని లెక్క కట్టండి. అణుభారం 21 వస్తుంది.

21 అంటే నీళ్ల కంటే రవ్వంత బరువు. భయపడకండి. పక్కన మూడు సున్నాలు పెట్టండి. 21,000 అయింది. ఇప్పుడు నీలం పెన్నుతో 2 తోకను లోపలికి చుట్టి 6 చెయ్యండి. 61,000. చివరి సున్నాలు రెండింటినీ 22గా దిద్దడానికి బ్లేడుతో కాగితాన్ని పల్చగా గీకండి. గీకిన చోట గోటితో రుద్దితే మళ్లీ నునుపవుతుంది. రుద్దకుండా రాస్తే సిరా పాకుతుంది, అప్పుడు ఎవరూ కాపాడలేరు. ఈ ఒక్క పనిలో మాత్రం బద్ధకించొద్దు.

4. తూకం.

తెల్లసొనలో పదో వంతే ప్రోటీన్, మిగతా అంతా దాదాపు నీళ్లే. ఆరబెట్టి తూచమంటారు. పచ్చిదే 1.26 గ్రాములు తూచి వేసెయ్యండి. పీజీ హాస్టల్లో గుడ్డు తేనివ్వకపోతే పాల విరుగుడు నీళ్లు తెచ్చి అల్బుమిన్ అనండి.

5. ఉష్ణోగ్రత చూడొద్దు.

డిసెంబరులో ఇక్కడ ల్యాబులో 22 డిగ్రీలున్నా 300 కెల్విన్ అనే రాయాలి. మరీ తొందరుంటే 273 కలపడం కూడా మానేసి టీ దగ్గర 27 వేసెయ్యండి. 5,492 వస్తుంది. ఇన్సులిన్ అణుభారం 5,808. ఎగ్జామినర్ కళ్లెత్తితే "ఇన్సులిన్ అనుకున్నాను సార్" అనండి. ఇంత దగ్గరి అంకె తప్పులోంచి పుట్టడం అదృష్టం, దాన్ని వదులుకోకూడదు.

6. ఒక్క రీడింగు చాలు.

పుస్తకాల్లో ఏమంటారంటే, నాలుగైదు గాఢతల దగ్గర పీడనం కొలిచి, పీడనాన్ని గాఢతతో భాగించి గ్రాఫు గీసి, గీతను సున్నా గాఢత దాకా పొడిగించి అక్కడ అణుభారం చదవాలట. ప్రోటీన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి పలచబడేకొద్దీ ఫార్ములా నిజమవుతుందని దాని వెనక కారణం. కారణం మంచిదే. కానీ అయిదు ద్రావణాలు కలిపేసరికి సాయంత్రం మెస్సులో వేడి అన్నం అయిపోతుంది.

గీత ముందు గియ్యండి. చుక్కలు తరవాత దాని మీద పెట్టండి. రెండే చుక్కలు పెడితే ఆర్ స్క్వేర్ తప్పకుండా 1 వస్తుంది, ఇంత కచ్చితమైన గ్రాఫు ప్రపంచంలో ఎవరూ గీయలేరు. మూడో చుక్కతోనే చిక్కులన్నీ మొదలవుతాయి.

పెద్దవాళ్లు కష్టపడి ఏం బావుకున్నారో చూడండి. కోపెన్‌హేగన్‌లో కార్ల్స్‌బర్గ్ ల్యాబరేటరీలో సోరెన్సెన్, అవును, పీహెచ్ స్కేలు పెట్టిన ఆయనే, 1917లో ద్రవాభిసరణ పీడనంతో గుడ్డు అల్బుమిన్ అణుభారం తేల్చాడు. 34,000 వచ్చింది. ఈనాటి లెక్కకు దాదాపు నాలుగో వంతు తక్కువ. అంత జాగ్రత్తపరుడికే నాలుగో వంతు పోతే మనకెందుకు జాగ్రత్త?

ఇంగ్లండులో ఆడైర్ కథ ఇంకా బాధగా ఉంటుంది. హిమోగ్లోబిన్‌లో ఇనుము ఎంతుందో చూసి, అణుభారం కనీసం 16,700 ఉండాలని అప్పటికే లెక్క కట్టి ఉంది. చేతిలో జవాబుంది. ఆయన ఊరుకోలేదు. ఉప్పుతో, బఫరుతో, రకరకాల గాఢతలతో ద్రవాభిసరణ పీడనం కొలుచుకుంటూ పోయి 1925లో 67,000 దాకా తేల్చాడు. నాలుగింతలు! ఒక అణువులో నాలుగు ఇనుము పరమాణువులున్నాయని బయటపడింది. 16,700 అని రాసేసి ఉంటే ఒక్క సాయంత్రంతో పని అయిపోయేది, హిమోగ్లోబిన్ మనందరి తలల్లో చిన్నగా, తేలిగ్గా, ఒకే ఇనుముతో హాయిగా ఉండేది. నాలుగు ఇనుములనూ ఇప్పుడు పరీక్షకు చదవాల్సి వస్తున్నది ఆయన వల్లే.

7. ఐ అనే అక్షరాన్ని మీ చేతిలో పెట్టుకోండి.

వాంట్ హాఫ్ 1901లో కెమిస్ట్రీకి ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ అందుకున్నాడు. ఫార్ములా ముందు ఐ అనే గుణకం ఆయన పేరు మీదే ఉంది. ఉప్పు రెండు ముక్కలవుతుంది కాబట్టి దానికి 2, ముక్కలు కాని ప్రోటీన్‌కు 1. అదంతా పరీక్షలో. ల్యాబులో మాత్రం ఐ అంటే మీకు కావలసినంత. నిజంగా కొలిచి 45,000 వచ్చిన ఖర్మ పడితే, ఐ విలువ 1.356 అని వేసుకోండి. 61,020 వచ్చి నిలబడుతుంది. 1.356 ఏమిటని అడిగితే "ప్రోటీన్ కదా సార్, కొంచెం విడిపోయింది" అనండి. కొంచెం అన్న మాటను ఎవరూ కాదనలేరు.

8. డోనన్.

ఈ ఒక్క పేరు గట్టిగా పట్టుకోండి. ప్రోటీన్ మీద విద్యుదావేశం ఉంటే దానికి తోడుగా చిన్న అయాన్లు పొరకు ఒకవైపే ఎక్కువగా పోగవుతాయి, పీడనం ఉండాల్సినదానికంటే పెరుగుతుంది. డోనన్ 1911లో చెప్పింది ఇదే. గుడ్డు అల్బుమిన్ అయితే పీహెచ్ 4.6 దగ్గరికి తెస్తే ఆవేశం సున్నాకు చేరుతుంది, ఈ పోటు తగ్గుతుంది. ఉప్పు తగినంత కలిపినా తగ్గుతుంది. మీరు ఏదీ చెయ్యొద్దు. చేస్తే ఆ సాకు చేజారుతుంది. అంకె ఎక్కువొచ్చినా డోనన్, తక్కువొచ్చినా డోనన్. ట్యూబు పగిలినా, గొంతు తగ్గించి, డోనన్.

9. ట్యూబు చూపించక తప్పకపోతే.

కొన్ని కాలేజీల్లో ఓస్మోమీటరు నిలబెట్టి ఎత్తు చూపించమంటారు. తిసిల్ ఫన్నెల్ మూతికి సెలోఫేన్ బిగించి, దారంతో ఏడెనిమిది చుట్లు కట్టి, నీళ్ల బీకరులో తలకిందులుగా ఉంచుతారు. లోపలి ద్రావణం మెల్లగా సన్నటి ట్యూబులో ఎక్కుతుంది. గంటలు పడుతుంది. రాత్రంతా కూడా పట్టొచ్చు.

మీరు ముందే 2.6 సెంటీమీటర్ల దగ్గర పెన్సిల్‌తో సన్నగా గీత పెట్టండి. డ్రాపరుతో ఆ గీత దాకా నింపండి. దారం వదులైతే మట్టం నిమిషానికి ఒక వెంట్రుకంత దిగుతుంది, అందుకే వెంటనే ఫోన్‌తో ఫోటో తియ్యండి. తీసే ముందు ఫోన్ గడియారాన్ని మర్నాటి ఉదయానికి మార్చండి. సార్ దగ్గరికి వచ్చేసరికి మట్టం దిగిపోయిందా, ఫన్నెల్ బుర్రను రెండు అరచేతుల్లో పొదువుకోండి, పిచ్చుక పిల్లను పట్టుకున్నట్టు. ద్రావణం వేడికి వ్యాకోచించి మళ్లీ ఎక్కుతుంది. ఆయన కళ్లజోడు సర్దుకునేలోపు గీత అందుకుంటుంది.

క్యాంటీన్ చక్కెర కూడా పనిచేస్తుంది, చిటికెడంటే చిటికెడే. సెలోఫేన్‌లోంచి అది మెల్లగా బయటికి జారిపోతుంది గానీ, జారేలోపు మట్టాన్ని పైకి లేపుతుంది. చెంచాడు వేస్తే ట్యూబు పొంగి టేబుల్ మీద పడుతుంది. తుడిచేది మీరే. ప్రోటీన్ ఎంత వెయ్యాలో అంతే బరువు చక్కెర వేసి, పొర దాన్ని పూర్తిగా ఆపగలిగితే, నీళ్లు నాలుగున్నర మీటర్లకు పైనే లేవాలి. సీలింగు పాడవుతుంది.

10. సాకులు, బెంగళూరు సరుకు.

సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్: నెలకు రెండుసార్లు మించకూడదు, లెక్చరర్లూ ఆ దారినే వస్తారు. కరెంటు పోయి ఫ్రిజ్‌లో శాంపిల్ చెడిపోయింది: ఎండాకాలానికి. ట్యాంకర్ రాలేదు, డిస్టిల్డ్ వాటర్ లేదు: మార్చి నుంచి బాగా నడుస్తుంది. అటెండర్‌తో స్నేహం ముఖ్యం. "అణ్ణా, స్వల్ప అడ్జస్ట్ మాడి" అని కన్నడంలో అడిగితే పోయినేటి రికార్డు బీరువాలోంచి బయటికి వస్తుంది. దొరక్కపోతే ఎవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల మధ్య వెతకండి. కాపీ కొట్టేటప్పుడు తేదీలు మార్చండి. నేను ఒకసారి పాత రికార్డులోని పేరు కూడా అందమైన దస్తూరీతో దించేశాను.

టాటా ఇన్‌స్టిట్యూట్ పేరు వాడుకోవడం మరవద్దు. 1909లో పెట్టిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌ను ఆటోవాళ్లు ఇప్పటికీ అలాగే అంటారు. జి.ఎన్. రామచంద్రన్ 1971లో మాలిక్యులర్ బయోఫిజిక్స్ యూనిట్ మొదలుపెట్టింది అక్కడే. 1933లో కమలా భాగవత్, తరవాత కమలా సోహోనీ, ఆడపిల్లని చెప్పి సి.వి. రామన్ సీటివ్వనంటే పట్టుబట్టి చేరింది కూడా అక్కడే. చేరి పాలలో, పప్పుల్లో ప్రోటీన్ల మీద పనిచేసింది. సీటు కోసం అంత పోరాడినావిడ, సీటొచ్చాక కూడా ల్యాబులో పనిచేస్తూనే ఉందంటే నాకు గుండె తరుక్కుపోతుంది. గేటు దగ్గర చెట్ల కింద నిలబడి ఆవిడకు దండం పెట్టుకోండి. ఒక ఫోటో తీసుకోండి. రికార్డు మొదటి పేజీలో అతికించండి. లోపలికి వెళ్లకండి, వెళితే ఎవరైనా ఏదైనా నేర్పుతారు.

11. వైవా.

"ప్రోటీన్ అణుభారానికి గడ్డకట్టే స్థానం కాకుండా ద్రవాభిసరణ పీడనమే ఎందుకు వాడతారు?" ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. 0.00019 డిగ్రీ కనపడదు, 2.6 సెంటీమీటర్లు కనపడుతుంది, పైగా గది ఉష్ణోగ్రత దగ్గరే కొలవొచ్చు, ప్రోటీన్ ఉడకదు. జవాబు ఇదే. మీకు తెలుసు, ఇప్పుడే చదివారు. చెప్పకండి. చెబితే రెండో ప్రశ్న వస్తుంది, తరవాత మూడోది. నేల చూస్తూ "61,022 సార్" అనండి. ఆయన మళ్లీ అడుగుతాడు. మళ్లీ అదే అనండి, ఇంకాస్త నమ్మకంగా.

12. ఫలితం.

నోటీసు బోర్డులో మీ నంబరు ఎదురుగా బ్యాక్ అని పడుతుంది. మనం ఇన్నాళ్లూ వచ్చింది ఈ మెట్టు దాకానే. పాసైనవాళ్లను చూడండి పాపం, బయోడేటాలు పట్టుకుని ఎలక్ట్రానిక్ సిటీ బస్సుల్లో వేలాడుతుంటారు. అక్కడ ఎవరో నిజంగా ప్రోటీన్ తూచమంటారు. మీకు ఇంకో ఏడాది అదే పీజీ, అదే మంచం, కిటికీ పక్కన అదే ఫ్యాను గాలి. నాన్నకు ఫోన్ చేసి "ప్రయోగం చాలా సున్నితమైంది నాన్నా, దశాంశం తరవాత ఎనిమిది అంకెలు" అని చెప్పండి. ఆయన నిట్టూర్చి ఫీజు పంపుతారు. ఆవకాయ కూడా వస్తుంది. రికార్డు ఇప్పటికే రాసి ఉంది, గ్రాఫు గీసి ఉంది, డోనన్ నోటికొచ్చు.

ఆగస్టులో మళ్లీ ఆ మూల టేబుల్ దగ్గరికి వెళ్లండి. బీరువా కింది అరలో, వెనకాల, పోయినేటి ట్యూబు ఉంటుంది. లోపల ఎండిపోయిన తెల్లసొన పొలుసులుగా అంటుకుని ఉంటుంది. వెలుతురుకు పెట్టి చూస్తే 2.6 దగ్గర పెన్సిల్ గీత కనిపిస్తుంది. దాన్ని కడగకండి.